మంచు దేశంలో మన శంకుపూవు

తుమ్మపాల (అనకాపల్లి జిల్లా): దీనిని ఎవరూ విత్తరు. ఎవరూ నీరు పోయరు. తొలకరి పడగానే దడి పక్కన దానంతట అదే మొలుస్తుంది. వినాయక చవితి నాటికి దడి పొడుగునా అల్లుకుని నీలంగా పూస్తుంది. పూజకు కావలసినన్ని కోసుకుని మిగతావి వదిలేస్తారు. అందినంత మేరకు మేకలు మేస్తాయి. కాయలు ఎండి, మిట్టమధ్యాహ్నం ఎండకు టప్పున పగిలి గింజలు రాల్చుకుంటాయి. మరుసటి ఏటి వానకు మళ్లీ అదే కథ. శారదా నది ఒడ్డు పల్లెల్లో శంకుపూల తీగకు ఇంతకు మించి చరిత్ర లేదు.

ఆ తీగే సముద్రాలు దాటి వెళ్లాక దాని పెంపకం చంటిబిడ్డ పెంపకమంత పని అయి కూర్చుంటున్నది. అనకాపల్లి చుట్టుపట్ల ఏ ఊరిలో చూసినా నలుగురైదుగురు పిల్లలు అమెరికాలోనో, లండన్‌లోనో, కెనడాలోనో ఉంటున్న కాలమిది. వారు సెలవుకు వచ్చి వెళ్లేటప్పుడు పచ్చళ్ల సీసాలతో పాటు గింజల పొట్లాలు అడిగి తీసుకుపోవడం కద్దు. చిక్కుడు, బీర, గోంగూరతో పాటు శంకుపూల గింజలు కూడా ఆ పొట్లాల్లో ఉంటాయి. శుక్రవారం అమ్మవారికి నాలుగు నీలం పూలు పెట్టుకోవాలన్నదే వారి కోరిక. తీరా అక్కడికి వెళ్లాక ఫోనులో వినవచ్చే మాట ఒకటే. "అమ్మా, నాటి ఇరవై రోజులైంది, ఒక్కటీ మొలవలేదే!" మొలిచినవారికి మరొక బాధ. మొక్క జానెడు పెరిగి ఆగిపోతుంది. అదీ దాటినవారికి మొగ్గ తొడిగే వేళకు మంచు ముంచుకొస్తుంది. ఆ ఏటికి తీగ పోతుంది, గింజా ఉండదు. మళ్లీ తుమ్మపాల నుంచి పొట్లం వెళ్లవలసిందే.

ఇందులో గింజ తప్పు లేదు, నాటినవారి చేతి గుణమూ కాదు. దడి మీద ఎండా వానా కలిసి చేసి పెట్టే పనులను అక్కడ మనిషి తన చేతులతో చేయవలసి ఉంది. ఆ పనులేమిటో తెలిస్తే చలి దేశంలో కూడా శంకుపూవు పూస్తుంది. పూయడమే కాదు, గింజ కూడా కడుతుంది. అసలు సంగతి గింజ దగ్గరే ఉంది.

గింజ మీది గట్టి పెంకు

శంఖుపుష్పం చిక్కుడు, పెసర, మినుము కుటుంబానికి చెందిన తీగ. నిఘంటువుల్లో దీనికి దింటెన అనే తెలుగు పేరుంది. సంస్కృతంలో అపరాజిత అంటారు. వినాయక చవితి నాటి ఇరవై ఒక్క పత్రులలో విష్ణుక్రాంతం పేరు చెప్పి కొన్ని ఊళ్లలో ఈ ఆకునే కోస్తారు. నేల మీద పాకే చిన్న నీలిపూల మొక్కే అసలు విష్ణుక్రాంత అని వాదించే వైద్యులూ ఉన్నారు. ఆ తగవు ఎలా ఉన్నా, రెండు మూడు అంగుళాల చప్పిడి కాయ, అందులో ఆరు నుంచి పది వరకు గింజలు, ఇది మాత్రం పిల్లలకు కూడా తెలిసిన సంగతే.

ఆ గింజ పైతోలు నీటిని లోపలికి పోనివ్వదు. ఇది లోపం కాదు, తీగ తన వంశానికి చేసుకున్న ఏర్పాటు. రాలిన గింజలన్నీ మొదటి వానకే మొలిస్తే, ఆ తరువాత పదిహేను రోజులు వాన మొహం చాటేసినప్పుడు అన్నీ మాడిపోతాయి. అందుకే కొన్ని ఈ ఏడు, కొన్ని మరుసటి ఏడు, మరికొన్ని ఆ పై ఏడు మొలుస్తాయి. మన నేలలో రోహిణీకార్తె ఎండ, ఆ వెంటనే తొలకరి తడి, మళ్లీ ఎండ, ఈ వేడి చల్లల మధ్య తోలు చిట్లుతుంది. తుమ్మ పేరు ఊరి పేరులోనే ఉన్న చోట ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. తుమ్మ గింజదీ ఇదే మొండితనం. తుమ్మకాయను మేక మేసి, గింజ పెంటికలతో బయటపడితే అది తొందరగా మొలుస్తుందని పశువుల కాపరులకు తెలుసు. సుబాబుల్ వేసిన రైతులు గింజను వేడినీటిలో ముంచి నాటడమూ ఇందుకే.

చలి దేశంలో కుండీలో పెట్టిన గింజకు రోహిణీకార్తె లేదు, మేక కడుపూ లేదు. గట్టి తోలుతో చల్లని తడి మట్టిలో పడి ఉంటుంది. మొలవదు. తోలు కొద్దిగా చిట్లినా నేల చల్లగా ఉండడం వల్ల మొలక రాకముందే కుళ్లిపోతుంది. ఇరవై గింజలకు రెండు మొలిచాయన్న ఫిర్యాదు వెనుక ఉన్న కారణం ఇదే.

దీనికి విరుగుడు సులభం. వడ్రంగి వాడే గరుకు కాగితం ముక్క మీద గింజను ఒక పక్క రుద్దాలి. గింజకు ఒక చోట చిన్న మచ్చ లాంటి కన్ను ఉంటుంది. మొలక వచ్చేది అటునుంచే కాబట్టి ఆ వైపు ముట్టుకోరాదు. దానికి ఎదురు వైపు నల్లని తోలు అరిగి లోపలి తెల్లని పప్పు లేతగా కనిపిస్తే చాలు, పప్పు అరిగేదాకా రుద్దితే గింజ పాడవుతుంది. గరుకు కాగితం లేనివారు గోళ్లు తీసే కట్టరుతో తోలును చిన్నగా గిల్లవచ్చు. ఆ తరువాత గోరువెచ్చని నీటిలో రాత్రంతా నానబెట్టాలి. తెల్లవారేసరికి ఉబ్బిన గింజలు నాటడానికి సిద్ధమైనట్టే. ఉబ్బనివాటికి తోలు ఇంకా తెగలేదని అర్థం. వాటిని మళ్లీ రుద్ది మళ్లీ నానబెట్టాలి. ప్రయోగశాలల్లో గాఢ ఆమ్లంలో ముంచి తీసే పద్ధతి ఒకటుంది గాని అది ఇళ్లలో చేసే పని కాదు.

ఉబ్బిన గింజను అర అంగుళం లోతున నాటాలి. అంతకంటె లోతు పనికిరాదు. నేల వేడి 22 నుంచి 27 సెంటిగ్రేడు డిగ్రీల మధ్య ఉంటే వారం, రెండు వారాల్లో మొలక తల ఎత్తుతుంది. గది వేడి వేరు, మట్టి వేడి వేరు అన్నది ఇక్కడ మరచిపోరాదు. గదిలో మనిషికి వెచ్చగా ఉన్నా కిటికీ గట్టు మీది తడి మట్టి చల్లగానే ఉంటుంది. అందుకే అక్కడివారు నారు కుండీల కింద కరెంటుతో వెచ్చబడే పరుపు లాంటిది పరుస్తారు. అది లేనివారు మొలక వచ్చేదాకా కుండీలను ఫ్రిజ్ మీద పెట్టుకుంటారు. యంత్రం నుంచి వచ్చే కాస్త వెచ్చదనం అక్కడ చేరుతుంది.

తోళ్ల బెరడుతో వేడి

కింద నుంచి వేడి పెట్టి గింజ మొలిపించే ఆలోచన కొత్తది కాదు. కరెంటు లేని రోజుల్లోనే ఇంగ్లండు తోటమాలులు ఉష్ణదేశపు మొక్కలను ఇలా పెంచారు. లండన్‌లోని చెల్సీ ఔషధ వనానికి 18వ శతాబ్దంలో అధిపతిగా ఉన్న ఫిలిప్ మిల్లర్ 1731లో తోటపని మీద పెద్ద నిఘంటువే అచ్చువేయించాడు. ఆయన కాలంలో చర్మకారులు తోళ్లు ఊనడానికి వాడి పారేసిన చెట్టు బెరడును గోతుల్లో నింపేవారు. అది నెమ్మదిగా పులుస్తూ నెలల తరబడి వేడినిచ్చేది. ఆ వేడిలో కుండీలను మెడదాకా పాతిపెట్టి, పైన గాజు పలకలు కప్పేవారు. గుర్రపు లద్దెతో చేసిన వేడి మడులూ ఉండేవి. మన పెంటకుప్పలో చెయ్యి పెడితే తగిలే వేడి అటువంటిదే. మన రైతుకు ఆ వేడితో పని పడలేదు, అంతే.

ఈ తీగకు శాస్త్రీయ నామం పెట్టినది స్వీడన్ శాస్త్రజ్ఞుడు లినేయస్. 1753లో ఆయన దీని పేరులో ఇండోనేషియాకు చెందిన టెర్నాటె అనే చిన్న దీవి పేరు చేర్చాడు. మన తీరానికీ ఈ వృత్తాంతంతో కొంత చుట్టరికం ఉంది. 1780 దశకంలో విశాఖపట్నంలో నివసించిన ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రజ్ఞుడు పాట్రిక్ రస్సెల్, అదే కాలంలో సామర్లకోటలో తోట పెట్టిన రాక్స్‌బర్గ్, ఇద్దరూ కోస్తా మొక్కల వివరాలను సేకరించారు. రాక్స్‌బర్గ్ వేయించిన బొమ్మలతో కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథం 1795 నుంచి లండన్‌లో వెలువడింది. ఓడ మీద నెలల తరబడి వెళ్లవలసిన ఆ రోజుల్లో బతికి చేరేది గింజ ఒక్కటే. మొక్కలు ఉప్పుగాలికి దారిలోనే చచ్చేవి.

ఏది మంచు, ఏది చలి

మంచు అంటే మన వైపు తెల్లవారుజామున చెరకు తోటల మీద కమ్మే పొగమంచు. అక్కడివారు భయపడే మంచు అది కాదు. ఆకులోని నీరు గడ్డకట్టే చలి. ఆ చలి ఒక్క రాత్రి తగిలితే శంకుతీగ ఆకు ఉడకబెట్టినట్టు నల్లబడి వాలిపోతుంది. వేరు బలంగా ఉండి చలి స్వల్పంగా తగిలితే మొదలు నుంచి తిరిగి చిగురించవచ్చు. నేల కూడా గడ్డకడితే వేరు సహా పోతుంది. మన దగ్గర ఏళ్ల తరబడి బతికే తీగ, చలి దేశంలో ఏడాది మొక్కే.

అయితే చంపే చలి ఒకటి, పెరగనివ్వని చలి ఒకటి. ఈ రెండవదాన్ని చాలామంది గుర్తించరు. చికాగో ప్రాంతంలో ఏప్రిల్ నెలాఖరు, ఒక్కొక్క ఏడు మే నెల మధ్య దాకా గడ్డకట్టే రాత్రులు ఉంటాయి. మళ్లీ అక్టోబరులో మొదలవుతాయి. మధ్యలో మాత్రం మన వేసవిని తలపించే ఎండలు కాస్తాయి. తీగ అప్పుడు దౌడు తీస్తుంది. లండన్ సంగతి వేరు. అక్కడ వేసవిలో గడ్డకట్టే చలి ఉండదు గాని, జూలైలో కూడా పగటి గరిష్ఠ వేడి సగటున 23, 24 డిగ్రీలు దాటదు, రాత్రికి 14 డిగ్రీల ప్రాంతానికి దిగుతుంది. విశాఖ తీరంలో పుష్యమాసపు రాత్రి కంటె లండన్ నడివేసవి రాత్రే చల్లన. అక్కడ ఆరుబయట నాటిన శంకుతీగ చావదు, పెరగదు. గాజు గదిలోనో, ఎండ పడే పెద్ద కిటికీలోనో పెట్టుకున్నవారికే పూలు దక్కుతాయి. శాన్‌ఫ్రాన్సిస్కో సముద్రపు గాలి తగిలే ఇళ్లలోనూ ఇంతే. టెక్సాస్‌లోని డల్లాస్‌లో స్థిరపడిన తెలుగువారికి ఈ బెంగ చాలావరకు లేదు. అక్కడ వేసవి పొడుగూ ఎక్కువే, వేడీ ఎక్కువే.

కాబట్టి చలి దేశంలో శంకుతీగ పెంపకం అంటే రోజులు లెక్కపెట్టుకోవడం. మంచి వేడిలో గింజ నాటిన రెండు, మూడు నెలలకు పూత వస్తుంది. పూవు కాయై ముదిరి ఎండడానికి మరో నెలన్నర, రెండు నెలలు పడుతుంది. చికాగో వంటి చోట ఆరుబయట దొరికేది సుమారు ఐదు నెలలు. మే నెలాఖరున నేలలో గింజ పెడితే పూత చూసేసరికి ఆగస్టు నెల నడుస్తూ ఉంటుంది. కాయ ముదరకముందే మంచు వస్తుంది. అదే గింజను ఉగాది ప్రాంతంలో ఇంట్లో మొలిపించి, రెండు నెలల మొక్కను జ్యేష్ఠమాసంలో బయటికి తెస్తే ఆషాఢానికి పూస్తుంది. దసరా నాటికి కాయ ఎండుతుంది. దీపావళికి మంచు వచ్చినా బాధ లేదు. ఈ రెండు నెలల ముందుపనే గెలుపు ఓటములను నిర్ణయిస్తుంది.

ఇంట్లో రెండు నెలలు

ఇంట్లో ఉన్న ఆ రెండు నెలలే గండం. శంకుతీగ మొదట వేరును సూటిగా లోతుకు దించుతుంది. పీకి నాటితే ఆ తల్లివేరు తెగి మొక్క వారాల తరబడి అలుగుతుంది. కనుక పలచని కాగితపు గ్లాసుల్లోనో, కొబ్బరి పీచు కుండీల్లోనో గ్లాసుకు ఒకటి చొప్పున నాటి, ఆ తరువాత గ్లాసుతో సహా పెద్ద కుండీలో దించడం మేలు. మట్టి గుల్లగా ఉండాలి, నీరు నిలవరాదు. చల్లని గదిలో తడి ఎక్కువైతే మొలక మొదట్లో నీరుకారి వాలిపోతుంది. పొగాకు, మిరప నారు పోసే రైతులు చూసే నారుకుళ్లు తెగులే అది. నీరు పై నుంచి పోయకుండా, కుండీ కింద పళ్లెంలో పోసి పీల్చుకోనివ్వడం ఒక జాగ్రత్త.

వెలుతురు చాలకపోతే మొక్క దారంలా సాగిపోతుంది. ఆ దేశాల్లో ఫాల్గుణ చైత్రాల్లో సూర్యుడు వంగి వస్తాడు. అందువల్ల దక్షిణం వైపు కిటికీ తప్పనిసరి. చాలామంది ఎల్‌ఈడీ దీపాలు మొక్కకు జానెడు పైన వేలాడదీసి రోజుకు 14 గంటలు వెలిగిస్తున్నారు. గది వెచ్చబరచే యంత్రాల వల్ల గాలి పొడిబారి ఎర్రనల్లి పడుతుంది. ఆకు వెనుక సన్నని బూజు దారాలు కనిపిస్తే వెంటనే ఆకులను నీళ్లతో కడగాలి. ఇంట్లో వర్షం కురవదు గదా!

రాత్రి వేడి 12, 13 డిగ్రీలకు తగ్గని రోజులు వచ్చాక మొక్కను బయటికి తేవచ్చు. ఒక్కసారిగా తెచ్చి ఎండలో పెడితే ఆకులు తెల్లబడి మాడతాయి. మొదటి రోజు గంట, మరునాడు రెండు గంటలు, ఇలా పది రోజుల పాటు నీడ నుంచి ఎండకు అలవాటు చేయాలి. దక్షిణం వైపు ఇటుక గోడ వారగా పెడితే పగలు గోడ తాగిన వేడిని రాత్రి మొక్కకు ఇస్తుంది. నల్లరంగు కుండీ కూడా ఎండను పట్టుకుంటుంది. మన ఊళ్లో నల్లకుండీ పెడితే వేరు ఉడుకుతుంది. దేశాన్ని బట్టి మంచీ చెడూ మారతాయి. పాకడానికి వెదురు కర్రలు, పురికొస చాలు.

ఎరువు విషయంలో మనవారు చేసే పొరపాటు ఒకటుంది. ఆకు పచ్చగా ఉండాలని నత్రజని ఎక్కువ వేస్తారు. అప్పుడు తీగ గుబురుగా పెరుగుతుంది గాని పూయదు. శంకుతీగ వేళ్లకు బుడిపెలు కట్టి, వాటిలోని సూక్ష్మజీవుల సాయంతో గాలిలోని నత్రజనిని తానే పట్టుకుంటుంది. తుమ్మపాల నేలలో పెసర, మినుము, అలసంద పండిన ప్రతి చోటా ఆ సూక్ష్మజీవులు ఉన్నాయి. సంచుల్లో అమ్మే విదేశీ కుండీ మట్టిలో అవి ఉండవు. అక్కడి దుకాణాల్లో అలసంద విత్తనానికి పట్టించే రైజోబియం పొడి దొరుకుతుంది, నాటేటప్పుడు గింజకు అద్దితే సరిపోతుంది. ఊరి మట్టి మూట కట్టి పంపాలన్న ముచ్చట కొందరు పెద్దలకు కలుగుతూ ఉంటుంది. అది ఎంతమాత్రం తగదు. మట్టితో పురుగూ తెగులూ వెళతాయని మట్టిని విమానాశ్రయంలోనే ఆపేస్తారు.

తొలి పూవు ఎవరిది?

ఇంత కష్టం తరువాత మొదటి పూవు విచ్చుకుంటుంది. తొలి కాపు దేవుడిది అన్నది మన ఆచారం. తొలి పూవును కోసి పటానికి పెట్టి, ఫోటో తీసి ఊరికి పంపడం సహజం. రెండవదీ, పదవదీ కూడా పూజకే వెళతాయి. తీగ నిండుగా పూసే వేళకు భాద్రపదం దాటుతుంది. అప్పుడు గింజకని వదిలిన పూలకు కాయ కట్టినా అవి ముదిరే వ్యవధి లేదు. పచ్చికాయ మీద మంచు పడుతుంది. పూజ జరిగింది, విత్తనం పోయింది.

తుమ్మపాలలో ఈ సమస్య ఎవరికీ ఎదురు కాదు. కోయగా మిగిలిన పూలే వేల గింజలిస్తాయి. చలి దేశంలో మాత్రం మొదట పూసిన ఐదారు పూలను కోయకుండా విత్తనానికి వదిలి, ఆ తరువాతి పూలను పూజకు వాడుకోవాలి. వదిలిన పూల కాడకు ఎర్రదారం కడితే ఇంట్లో పిల్లలు తెంపకుండా ఉంటారు. కార్తెను చూసి విత్తే రైతు ఇంట పుట్టినవారికి ఇందులో అపచారం కనిపించనక్కరలేదు. విత్తనపు గాదెను దాటాకే తిండి గాదె, తరువాతే నైవేద్యం అన్నది వ్యవసాయంలో ఉన్న వరసే.

ఇక్కడ తీగ చేసే మేలు ఒకటుంది. శంకుపూవు ఎక్కువగా తన పుప్పొడితో తానే కాయ కడుతుంది. తేనెటీగ రాకపోయినా, కిటికీలో ఒంటరి మొక్కగా ఉన్నా కాయ దిగుతుంది. నీలం గింజకు నీలం, తెలుపు గింజకు తెలుపు, ముద్దపూవుకు ముద్దపూవు చాలా మటుకు అదే వస్తుంది. అందువల్ల ఒక్క ఏడు నాలుగు కాయలు ఎండితే చాలు, ఆ ఇంటికి ముప్పై గింజలు చేతికి వచ్చినట్టే. మరుసటి ఏటికి ఊరి పొట్లం కోసం ఎదురుచూడవలసిన పని లేదు. మంచు కబురు ముందుగా వినబడితే, గింజ నిండి పసుపు తిరిగిన కాయలను తీగతో సహా కోసి ఇంట్లో వేలాడదీయాలి, అవి ఎండుతాయి. నిండని పచ్చికాయలు మాత్రం వడలిపోతాయి, వాటి మీద ఆశ పెట్టుకోరాదు. కుండీలో ఉన్న తీగనైతే రాత్రి వేడి 10 డిగ్రీలకు దిగకముందే జానెడు ఎత్తుకు కత్తిరించి లోపలికి తెచ్చుకోవచ్చు. చలికాలమంతా ఎర్రనల్లితో పోరాడే ఓపిక ఉన్నవారికే అది తగిన పని.

లంబసింగి సంగతి

చలి చూడాలంటే సముద్రాలు దాటనక్కరలేదు. నర్సీపట్నం దాటి కనుమ ఎక్కితే చింతపల్లి మండలంలోని లంబసింగి వస్తుంది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు అది అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి, తుమ్మపాల అనకాపల్లి జిల్లాలోకి వెళ్లాయి. సముద్ర మట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉన్న ఈ గ్రామంలో డిసెంబరు, జనవరి నెలల్లో ఉష్ణోగ్రత ఒక్కొక్క రాత్రి సున్నా దరిదాపులకు పడిపోతుంది. గడ్డి మీద తెల్లని మంచు పేరుకోవడాన్ని చూడడానికి జనం రాత్రికి రాత్రే వాహనాల్లో ఎక్కి వెళుతున్నారు. చింతపల్లిలో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి ప్రాంతీయ పరిశోధన స్థానం కూడా ఉంది. స్ట్రాబెర్రీ వంటి చలి పంటలు ఈ మన్యానికి వచ్చాయి.

లంబసింగి చలికీ, చికాగో చలికీ పెద్ద తేడా ఉంది. ఇక్కడ చలి తెల్లవారుజాము అతిథి. పొద్దెక్కితే ఎండ వెచ్చబరుస్తుంది. నేల గడ్డకట్టదు. ఫాల్గుణంలో, చలి తగ్గాక, తోలు రుద్ది నానబెట్టిన గింజను నేరుగా నేలలోనే నాటవచ్చు. వానాకాలమంతా పూస్తుంది, కార్తీకానికి కాయలు ఎండుతాయి. ఆ తరువాత తీగను మోకాలెత్తుకు కోసి మొదట్లో ఎండుగడ్డి కప్పితే వేరు చలిని దాటి మళ్లీ చిగురించే వీలుంది. ఇంటి గోడ వార, తూర్పు ఎండ తగిలే చోటు మంచిది. పల్లపు జాగాలో నాటరాదు. చల్లగాలి నీటి మాదిరిగా పల్లానికే చేరుతుంది.

నీలం టీ మోజు

ఈ మధ్య శంకుపూవుకు పట్టణాల్లో మరొక మోజు వచ్చింది. ఎండిన పూలను వేడినీటిలో వేస్తే నీలపు పానీయం దిగుతుంది. నిమ్మరసం పిండితే ఊదారంగుకు మారుతుంది. అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2021లో ఈ పూల రసాన్ని ఆహారపు రంగుగా అనుమతించింది. 2025 మే నెలలో మరిన్ని తినుబండారాలకు ఆ అనుమతిని విస్తరించింది. యూరపు ఆహార భద్రతా సంస్థ మాత్రం 2022లో ఎండుపూల విషయంలో భద్రతకు సంబంధించిన అభ్యంతరాలు తెలిపింది. చెరకు విస్తీర్ణం తగ్గి, తుమ్మపాల చక్కెర కర్మాగారం మూతపడిన తరువాత ఏ కొత్త పంట పేరు వినిపించినా రైతు చెవి అటు తిరగడంలో వింత లేదు. కొనేవాడు ఎవరో, ధర ఏమిటో కాగితం మీద లేకుండా ఎకరాల్లో వేయడం మాత్రం తొందరపాటే అవుతుంది. మరొక హెచ్చరిక. పూవు సంగతి ఎలా ఉన్నా గింజ, వేరు విరేచనకారులు. పొట్లం పిల్లల చేతికి అందనివ్వరాదు.

పొట్లం కట్టే ముందు

ఊళ్లలో దడులు పోయి సిమెంటు స్తంభాలు, ప్రహరీలు వస్తున్న కొద్దీ శంకుతీగకు పాకే చోటు తగ్గుతున్నది. గింజ అడిగిన నాడు వెతుక్కోకుండా కార్తీకం నుంచే సేకరించడం మంచిది. కాయ పూర్తిగా గోధుమరంగు తిరిగాక ఉదయం పూట, మంచు తడి ఇంకా ఉన్నప్పుడే కోయాలి. ఎండెక్కితే చేతిలోనే పగిలి గింజలు చెదురుతాయి. నీడన నాలుగు రోజులు ఆరబెట్టి, పుచ్చులూ ముడతలూ ఏరివేసి, మూత బిగువుగా ఉన్న సీసాలో చల్లని చోట ఉంచితే కొన్నేళ్లు నిలుస్తుంది. ఇంట్లో దాచుకునే గింజకు బూడిద, వేపాకు కలపవచ్చు. విదేశానికి వెళ్లే గింజలో మాత్రం ఆకు ముక్క, బూడిద, మట్టి రేణువు ఏదీ ఉండరాదు.

దొంగచాటుగా పెట్టెలో పెట్టి పంపడం కూడదు. ప్రకటించకుండా తీసుకుపోతే గింజలు లాక్కోవడమే గాక జరిమానా వేస్తారు. 2020లో చైనా నుంచి అడగని గింజల పొట్లాలు వేలాది అమెరికన్ల ఇళ్లకు టపాలో చేరి కలకలం రేగిన తరువాత అక్కడి తనిఖీపై అందరి దృష్టీ పడింది. బ్రిటన్, యూరపు దేశాలకు మన ప్రభుత్వ మొక్కల క్వారంటైన్ అధికారులు ఇచ్చే ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. విశాఖపట్నంలో ఆ కార్యాలయం ఉంది. అమెరికాకైతే కొద్దిపాటి గింజలకు ఆ పత్రం అక్కరలేని మార్గం ఒకటుంది. అక్కడ ఉన్నవారు ముందుగా తమ వ్యవసాయ శాఖకు దరఖాస్తు చేసి చిన్న మోతాదు విత్తనాల అనుమతి తెప్పించుకోవాలి. దానికి రుసుము లేదు. అనుమతితో వచ్చే చిరునామా చీటీ అంటించిన కవరు ముందు తనిఖీ కేంద్రానికి వెళ్లి, అక్కడినుంచి ఇంటికి చేరుతుంది. పొట్లం మీద మొక్క శాస్త్రీయ నామం, పండిన దేశం పేరు రాయాలి. గింజకు మందు పట్టించరాదు. ఒక పొట్లంలో 50 గింజలకు మించకూడదు. రుద్ది నానబెట్టి నాటితే 50లో సగం మొలిచినా ఒక వీధికి సరిపోతాయి. ఉగాదికి నాటుకోవాలంటే పొట్లం మాఘమాసంలోనే బయలుదేరాలి.